ఈ నెల పన్నెండు, ఆదివారం

ఆదివారం పొద్దున ఆరింటికి పున్నారావు ఆ రోజు చెయ్యవలసిన పనులు కాగితం మీద రాసుకున్నాడు. ఒకటి, పాత హార్డ్ డిస్కులో ఉన్న సినిమాలన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించాలి. రెండు, అవి ఎక్కుతుండగా గురువారం రికార్డు చేసిన పౌరాణికంలో ప్రకటనలు కోసెయ్యాలి. మూడు, పెరుగన్నం. ఆదివారాలకి అతని దగ్గర ఇంతకంటే పెద్ద పథకాలు ఉండేవి కావు.

పున్నారావుకి అరవై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. తెనాలిలో సొంత ఇల్లు, మేడ మీద ఒక గది, ఆ గదిలో లినక్సుతో నడిచే కంప్యూటరు. టీవీలో వచ్చే పాత సినిమాలు రికార్డు చేసి, మధ్యలో ప్రకటనలు తీసేసి, పేరూ తేదీ పెట్టి భద్రం చెయ్యడం అతని వ్యాపకం. పన్నెండేళ్ళలో పదకొండు వందల సినిమాలు పోగయ్యాయి. అందరూ వాడేది వదిలేసి ఈ లినక్సు ఎందుకని ఎవరైనా అడిగితే చెబుదామని ఒక మంచి సమాధానం కూడా తయారుగా ఉంచుకున్నాడు. ఆ ఇంటికి వచ్చేది పాలు పోసే ముత్తయ్య, కరెంటు మీటరు చూసే మనిషి. వాళ్ళిద్దరూ అడగలేదు.

ప్రకటనలు కోయడానికి అతనే ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. సినిమాకీ ప్రకటనకీ మధ్య తెర ఒక్క క్షణం నల్లబడుతుంది కదా, అక్కడ కోయమని దానికి చెప్పాడు. బుద్ధిమంతురాలైన ప్రోగ్రామే గాని, ఒక జానపదంలో చీకటి గుహలో జరిగే కత్తియుద్ధాన్ని ప్రకటన అనుకుని మొత్తం లేపేసింది. హీరో గుహలోకి వెళ్ళడం, మరుక్షణం మెడలో దండతో బయటికి రావడం. అప్పటినుంచీ పున్నారావు ప్రతి కోతా తన కళ్ళతో చూసుకునేవాడు. తెర అడుగున పరిగెత్తే స్క్రోలింగులని మాత్రం ఏ ప్రోగ్రామూ ఏమీ చెయ్యలేదు, అవి బొమ్మలో కలిసిపోయి ఉంటాయి. లోకల్ కేబుల్లో సినిమా వేశారంటే అడుగున పుట్టినరోజులూ పెద్దకర్మలూ అద్దె పోర్షన్లూ పరుగులు తీస్తూనే ఉంటాయి. వాటిమీద నల్లపట్టీ ఒకటి వేసి కప్పేసేవాడు.

ఇంత చేసి ఆ సినిమాలు అతను చూసేది తక్కువే. ఒక్కడే కూర్చుని హాస్యం చూస్తే నవ్వు మధ్యలో ఆగిపోతుంది. ఎవరైనా వచ్చి ఫలానా సినిమా ఉందా అని అడిగితే, ఉందండీ అని ఇద్దామని మాత్రం అతనికి చాలా కోరిక. పది రోజుల కింద ఆ కోరిక తీరింది.

"నేను కావేరినండి. రేపల్లె నుంచి. వీరరాఘవయ్యగారి కోడలిని," అంది ఫోనులో ఒకమ్మాయి.

పున్నారావు ఫోనుని చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వీరరాఘవయ్య అతని సొంత అన్న. ఆ ఇంటినుంచి ఫోను వచ్చి తొమ్మిదేళ్ళయింది. రెండేళ్ళ కింద ఈ కావేరి పెళ్ళి శుభలేఖ కొరియర్లో వచ్చింది. అతను వెళ్ళలేదు.

"చిన్న మావయ్యగారూ, అత్తయ్యకి మోకాలు ఆపరేషనైందండి. మంచంమీదే ఉండి విసుక్కుంటున్నారు. చిన్నప్పుడు చూసిన సినిమా ఒకటి, రాజకుమారి చిలకైపోయేదంట, అది కావాలంటున్నారు. ఫోన్లో ఎంత వెతికినా దొరకట్లేదు. మీ దగ్గర ఉండొచ్చని మా ఆయన అన్నారు."

"ఉంది," అన్నాడు పున్నారావు. ఆమెకి వినపడలేదేమోనని, "ఉందమ్మా," అని మళ్ళీ అన్నాడు.

"పంపుతారా అయితే? మీరిచ్చారని ఇంట్లో చెప్పన్లెండి. మీ పేరెత్తితే అత్తయ్య..." అని ఆగిపోయింది ఆ పిల్ల.

"వద్దులే, చెప్పొద్దు."

ఆ సినిమాని అతను నాలుగు రోజులు మళ్ళీ మొదటినుంచీ చూసి, ఎక్కడా ప్రకటన మిగల్లేదని రూఢి చేసుకుని పెన్ డ్రైవులోకి ఎక్కించాడు. ఎక్కించేటప్పుడు పేరంతా కొట్టడానికి బద్ధకించి, మొదటి నాలుగక్షరాలు కొట్టి చివర ఒక నక్షత్రం గుర్తు పెట్టాడు. లినక్సులో అలా పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ అని అర్థం. శుభ్రం చేసిన సినిమాతోపాటు, దాని పక్కనే అదే పేరుతో ఉన్న, ఏమీ కొయ్యని ముడి రికార్డింగు కూడా బుద్ధిగా పెన్ డ్రైవెక్కి రేపల్లె వెళ్ళింది. పున్నారావు చూసుకోలేదు. కొరియరు చేరిందో లేదో, వదిన చూసిందో లేదో, బాగుందందో లేదో అని రోజుకి పదిసార్లు ఫోను చూసుకుంటూ మాత్రం కూర్చున్నాడు.

అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన సంగతి కూడా చెప్పాలి. తొమ్మిదేళ్ళ కింద పున్నారావు ఈ ఇల్లు కట్టాడు. ఒక్కడికి అంత హాలు ఎందుకని మేస్త్రీ అడిగితే, మావాళ్ళు వస్తే రెండు వరసల్లో ఆకులు పడాలి అన్నాడు. గృహప్రవేశానికి పిలవాలంటే ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టాలి, ఆ ఇంట్లో ఆడమనిషి లేదు. ఫోన్లో పిలిస్తే మర్యాద కాదు. బాగా ఆలోచించి లోకల్ కేబుల్లో వారం రోజులపాటు స్క్రోలింగు వేయించాడు. ఇదే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి బంధుమిత్రులందరూ విచ్చేయవలసింది అన్న మాట దగ్గరుండి పెట్టించాడు. నూరుమందికి వండించాడు. పంతులుగారు, మేస్త్రీ, ఎదురింటి ఫ్రాన్సిస్, కేబులు ఆఫీసు మనిషి వచ్చారు. అన్న రాలేదు, వదిన రాలేదు, బాపట్ల నుంచి చెల్లెలు రాలేదు. పూర్ణాలూ పులిహోరా కాలవగట్టు మీద వాళ్ళకి పంచిపెట్టి, పిలిచినా రానివాళ్ళతో ఇక మాటలేంటని తలుపేసుకున్నాడు. అవతలివాళ్ళూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇక ఆదివారం సంగతి. పాత డిస్కునుంచి కొత్త డిస్కుకి సినిమాలు ఎక్కడం మొదలైంది. ఐదు గంటల నలభై నిమిషాలు పడుతుందని తెర మీద చూపించింది. పాత డిస్కు ఈమధ్య కిర్రుమంటోంది, మధ్యలో ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. పున్నారావు కిందికి వచ్చి గ్లాసుడు బియ్యం కడిగాడు. ఏడున్నరకి వీధి తలుపు చప్పుడైంది.

తలుపు తీస్తే చెల్లెలు ప్రమీలారాణి. బాపట్లలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. చేతిలో రంగుకాగితం చుట్టిన గోడగడియారం.

"ఏంటన్నయ్యా, ఇంకా లుంగీలోనే ఉన్నావు?" అంది, నిన్నగాక మొన్న కలిసినట్టు. "మామిడాకులేవి? పంతులుగారు రాలేదా?"

తొమ్మిదేళ్ళ తర్వాత గుమ్మంలో నిలబడ్డ చెల్లెల్ని చూస్తే పున్నారావుకి ఒకపక్క సంతోషంగా ఉంది, ఇంకోపక్క ఆమెకి ఏమైనా అయిందేమోనని భయం వేస్తోంది.

"ఒంట్లో బాగుంటోందా అమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. కొత్త ఇల్లేది? దీని వెనకా?"

"ఇదేనే ఇల్లు."

"ఇది పాతది కదా. మొదటి ఇంటికెటూ మమ్మల్ని పిలవలేదు. రెండోదానికైనా పిలిచావులే అని పొద్దున్నే రైలెక్కి వచ్చా. అయినా అవన్నీ ఇప్పుడెందుకు, మంచినీళ్ళివ్వు."

పిలవలేదు అన్న మాట పున్నారావుకి చురుక్కుమంది. జవాబు చెబుదామనుకునేలోపు సందు మొదట్లో హారన్ మోగింది. ట్రావెల్స్ వ్యాను ఒకటి వెనక్కీ ముందుకీ ఆడి, చివరికి అతని గుమ్మం ముందే ఆగింది. అందులోంచి ఒకరి తర్వాత ఒకరు ఇరవై మంది దిగారు. అన్న వీరరాఘవయ్య దిగాడు. చేతికర్రతో, ఇద్దరి సాయంతో వదిన అంకమ్మ దిగింది.

"ఏమయ్యా పున్నారావూ, టీవీలో వేయించి మరీ పిలిచావు," అంది అంకమ్మ. "ఆడదిక్కులేని ఇల్లు, బొట్టు పెట్టేవాళ్ళు ఎవరున్నార్లే అని సరిపెట్టుకున్నా. పిలిచావు, అదే పదివేలు."

"రండి వదినా."

"రండేంటి కొత్తగా? రా అను."

అతను రా అనలేకపోయాడు. పక్కకి తిరిగి నిలబడితే, ఒకమ్మాయి దగ్గరికి వచ్చి నేనే కావేరిని అని గొంతు తగ్గించి మాట్లాడింది.

"భలే పని చేశారు మావయ్యగారూ. నోటితో పిలవడానికి మొహమాటపడి, సినిమా కింద పిలుపు అతికించి పంపారు. నాకైతే ఏడుపొచ్చింది. అత్తయ్యేమో టీవీలో వస్తోందనుకున్నారు. అట్టాగే అనుకోనిచ్చా. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ బయల్దేరారు."

"నేనేం అతికించానమ్మా? నేను పంపింది పట్టీ వేసినది."

"అది మా టీవీలో ఆడలేదండి, సపోర్ట్ చెయ్యదంది. రెండోది ఆడింది."

"రెండోదేంటి?"

కావేరి ఫోను చూపించింది. టీవీ తెరకి తీసిన ఫొటో అది. కొమ్మ మీద చిలక, దాని కింద అక్షరాల వరస: మా నూతన గృహప్రవేశము ఈ నెల 12వ తేదీ ఆదివారం ఉదయం గం. 9.20 ని.లకు, అనంతరం విందు, ఇట్లు పున్నారావు. తొమ్మిదేళ్ళ కింద ఆ వారం, తన పేరు టీవీలో పరిగెత్తుతుంటే దాచుకోవాలనిపించి అతను రికార్డు చేసిన సినిమా అదే. ఎవరూ రాని గృహప్రవేశం తర్వాత ఆ ముడి రికార్డింగుని చూడనూలేక, తుడిచెయ్యనూలేక అలాగే వదిలేశాడు. ఇవాళ తేదీ పన్నెండు. ఆదివారం. తను పెట్టిన నక్షత్రం గుర్తు అతనికి కళ్ళముందు కదిలింది.

ఇప్పుడు చెయ్యవలసిన పని చాలా సులువు. ఇది పాత పిలుపు, పొరపాటున వచ్చింది, మిమ్మల్ని నేను పిలవలేదు అని చెప్పాలి. చెబితే వాళ్ళు వ్యానెక్కి వెళ్ళిపోతారు, ఈసారి ఇంక ఎన్నటికీ రారు. హాల్లోకి చూశాడు. ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాంట్లో అన్న కూర్చుని, కండువా చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. చిన్నపిల్లలు హాలంతా పరిగెడుతున్నారు. ఆ హాల్లో అడుగుల చప్పుడు వినడం పున్నారావుకి అదే మొదలు.

"అన్నయ్యా," అన్నాడు గట్టిగా. అందరూ అతనివైపు తిరిగారు. "భోజనాలు పన్నెండున్నరకి."

ఎదురింటి ఫ్రాన్సిస్ కర్రీ పాయింటు నడుపుతాడు. ఆదివారం సెలవు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని చర్చికి బయల్దేరుతున్నాడు. పున్నారావు పరిగెత్తుకుంటూ వెళ్ళి, పాతికమందికి మధ్యాహ్నానికి వంట కావాలన్నాడు.

"అయ్యో, ఎవరు పోయారండి?" అన్నాడు ఫ్రాన్సిస్.

"ఎవరూ పోలేదయ్యా. వచ్చారు."

"ఎవరొచ్చారు?"

"మావాళ్ళు."

ఫ్రాన్సిస్ వ్యాను వంక, పున్నారావు మొహం వంక చూశాడు. తొమ్మిదేళ్ళ కింద కాలవగట్టు మీద పూర్ణాలు పంచడానికి తోడు వచ్చింది అతనే. చొక్కా చేతుల బొత్తాలు విప్పి మడుచుకుంటూ, "సాయంత్రం కూడా ప్రార్థన ఉందిలెండి," అని లోపలికి నడిచాడు.

పున్నారావు తిరిగొచ్చేసరికి ఇంట్లో పరిశీలన జరుగుతోంది. కొత్త ఇంటికి అప్పుడే పెచ్చులూడిన గోడలు చూసి, ఎవరో కాంట్రాక్టరు తమ్ముణ్ణి నిలువునా ముంచాడని వీరరాఘవయ్య తేల్చాడు. ఇది ఆ ఇల్లు కాదు, ఇంకోటి ఉందని ప్రమీలారాణి వాదిస్తోంది. ఆ ఇంకోటి ఎక్కడో చూపించమని అందరూ అడిగారు.

"మేడ మీద గది," అన్నాడు పున్నారావు. నోటికి వచ్చింది అదే.

"ఒక గదికి గృహప్రవేశమేంటన్నయ్యా?"

"విడిగా కట్టింది కదా. విడిగా చెయ్యమన్నారు."

ఎవరన్నారని ఎవరూ అడగలేదు. నడవగలిగినవాళ్ళు పదిమంది మెట్లెక్కారు. కొత్త గదిలో అప్పుడే ఇంత బూజేంటని ప్రమీలారాణి అడిగితే, తెనాలిలో సాలీళ్ళు చురుగ్గా పనిచేస్తాయన్నాడు. పాలు పొంగించడానికి ఈశాన్యం మూల కావాలన్నారు. ఈశాన్యంలో కంప్యూటరు ఉంది. బల్లతో సహా దాన్ని జరుపుతుంటే పున్నారావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వైర్లు లాగొద్దన్నయ్యా, ఇంకా నాలుగు గంటలుంది."

"నాలుగు గంటలేంటిరా, ముహూర్తం తొమ్మిదీ ఇరవైకి కదా?"

"అవును, తొమ్మిదీ ఇరవైకే."

ఇంతలో కిందనుంచి అంకమ్మ గొంతు మేడ మీదికి వినపడింది. మోకాలు వల్ల మెట్లెక్కలేక కింద కుర్చీలో కూర్చుందే గాని, పెత్తనం మాత్రం ఎప్పుడో మెట్లెక్కింది. "ఆవేదీ? ముందు ఆవు అడుగుపెట్టాలి. ఆవు లేకుండా పాలు పెట్టారంటే ఒప్పుకోను."

సమయానికి ముత్తయ్య పాలక్యాన్లతో వచ్చాడు. అతని ఆవు సందు చివర కట్టేసే ఉంటుంది. విషయం విని తలపాగా సర్దుకున్నాడు.

"మేడెక్కాలా అండి?"

"ఎక్కిద్దా?" అన్నాడు పున్నారావు.

"ఎక్కటానికేం, అరటిపళ్ళు చూపిస్తే ఎక్కిద్ది. దిగేదే తెలవదు."

ఆ రెండో మాట హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు. అరటిపళ్ళు చూపించారు. ఆవు ఒక్కో మెట్టే ఎక్కింది. మెట్లు మూడడుగుల వెడల్పు, మొత్తం పదహారు. పదకొండో మెట్టు మీద అది ఆగి, అటూ ఇటూ చూసి, ఇక ఈ వ్యవహారం తనకి నచ్చలేదన్నట్టు నిలబడిపోయింది. పైకి లాగితే రాదు. కిందికి నెడితే పోదు. తొమ్మిదీ ఇరవైకి ఆవు పదకొండో మెట్టు మీదుండగానే పాలు పొంగాయి. పైన పదిమంది, కింద పన్నెండుమంది, మధ్యలో ఆవు.

ముత్తయ్య దూడని తోలుకొస్తానని వెళ్ళాడు. దూడ కొలకలూరులో వాళ్ళ బావమరిది దొడ్లో ఉంది. పైనున్నవాళ్ళు చేసేదేం లేక గదిలో చాప మీద కూర్చున్నారు. ఫోనులు చూసి చూసి విసుగుపుట్టాక ప్రమీలారాణి కంప్యూటరు ముందుకి జరిగింది. తెర మీద సినిమాల పేర్లు తేదీలతో ఒక్కొక్కటే పైకి కదులుతున్నాయి.

"ఇవన్నీ నువ్వు చేసినవా అన్నయ్యా?"

పున్నారావు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ప్రకటన ఎలా కోస్తాడో, చిరిగిన శబ్దాన్ని ఎలా అతుకుతాడో, గుహలో యుద్ధం ఎలా మాయమైందో. ఆవు అడ్డం ఉండడంవల్ల ఎవరూ లేచి వెళ్ళలేదు. గుహ దగ్గర అన్న పెద్దగా నవ్వాడు. అందరూ వాడేది కాకుండా ఈ లినక్సు ఎందుకు మావయ్యగారూ అని కావేరి అడిగింది. పన్నెండేళ్ళుగా దాచుకున్న సమాధానం ఆ క్షణాన అతనికి గుర్తు రాలేదు. బాగుంటుందమ్మా అన్నాడు. ఆ ఒక్క గంట అతనికి ఎంత సంతోషంగా ఉందంటే, ఎందుకు వచ్చారో, ఏ అబద్ధం మీద కూర్చున్నారో మరిచిపోయాడు.

"ఇదిగో, వదిన చూసింది ఇదేగా," అని ప్రమీలారాణి చిలక సినిమా పేరు మీద వేలు పెట్టింది. "వెయ్యి, మేమూ చూద్దాం."

"అది వద్దమ్మా."

బళ్ళో ముప్ఫై ఏళ్ళు వద్దన్నది ఎందుకు వద్దో కనిపెట్టడమే పనిగా ఉన్న మనిషి ఆమె. రెండుసార్లు నొక్కేసింది. చిలక కొమ్మ మీద వాలింది. అడుగున పున్నారావు పిలుపు పరిగెత్తింది. ఎంత బాగుందో అని కావేరి అంది. పిలుపు వెనకాలే ఇంకో వరస పరిగెత్తుకొచ్చింది: రానున్న హేవిళంబి నామ ఉగాది సందర్భంగా చీరలపై ప్రత్యేక తగ్గింపు.

"హేవిళంబా?" అంది ప్రమీలారాణి. అరవై సంవత్సరాల పేర్లూ ఆమెకి కంఠస్థం. వేళ్ళ మీద లెక్కవేసింది. "హేవిళంబి వచ్చి తొమ్మిదేళ్ళయింది." తర్వాత సినిమా పేరు పక్కనున్న తేదీ చదివింది. రెండువేల పదిహేడు, మార్చి తొమ్మిది.

పున్నారావు నేల వంక చూస్తూ చెప్పేశాడు. "అది పాత పిలుపు. పొరపాటున వచ్చింది. ఇవాళ ఇక్కడ గృహప్రవేశం లేదు. మిమ్మల్ని నేను పిలవలేదు."

వీరరాఘవయ్య మొహం ఎర్రబడింది. కండువా భుజాన వేసుకుని లేచాడు. పిలవని పేరంటానికి ఇరవైమందిని వ్యాను కట్టించుకుని తీసుకొచ్చాడాయన. "పదండి," అన్నాడు. విసురుగా మెట్ల దగ్గరికి వెళ్ళాడు. పదకొండో మెట్టు మీదినుంచి ఆవు తల పైకెత్తి ఆయన్ని చూసింది. ఆయన కాసేపు నిలబడి, వెళ్ళినంత విసురుగానే వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"ఆగు పెద్దన్నయ్యా," అంది ప్రమీలారాణి. "ఈ పిలుపు తొమ్మిదేళ్ళ కింద నువ్వే వేయించావా చిన్నన్నయ్యా?"

"నేనే. వారం రోజులు. రోజుకి నలభైసార్లు," అన్నాడు పున్నారావు. దాచుకున్న బాధంతా ఒక్కసారి పైకి వచ్చింది. "నూరుమందికి వండించా. మీరు చూసి కూడా రాలేదు."

"ఎక్కడ చూస్తాం?"

"టీవీలో."

"ఏ టీవీలో?"

"లోకల్ కేబుల్లో."

"తెనాలి లోకల్ కేబులు బాపట్లలో ఎట్టా వచ్చుద్ది అన్నయ్యా?"

ఆ కేబులు వైరు ఏ స్తంభం నుంచి ఏ స్తంభానికి వెళుతుందో, ఊరి చివర ఎక్కడ ఆగిపోతుందో పున్నారావుకి బాగా తెలుసు. తెలిసిన సంగతే. కాని ఎదురుచూస్తూ గుమ్మంలో నిలబడ్డ రోజున గానీ, తలుపేసుకున్న తర్వాత ఇన్నేళ్ళలో గానీ అది తట్టలేదు.

"అంటే, నువ్వు పిలిచావు," అన్నాడు వీరరాఘవయ్య.

"పిలిచాను."

"మమ్మల్ని వద్దనుకున్నావేమో అనుకున్నాంరా."

"నేనూ అదే అనుకున్నా అన్నయ్యా."

వీరరాఘవయ్య కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడిచాడు, ఈసారి వాటికి అవసరం ఉంది. తర్వాత మెట్ల మొదట్లో నిలబడి, ఆవు వీపు మీదుగా భార్యకి కబురు చెప్పాడు.

"ఏమే, వాడు మనల్ని పిలిచాడంట."

"తెలుసుగా. అందుకేగా వచ్చాం."

"ఇప్పుడు కాదు. తొమ్మిదేళ్ళ కింద పిలిచాడంట. తెనాలి కేబుల్లో వేయించాడు, మనకి రాలేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు పిలవలేదంట. అదంతా పొరపాటంట."

"పిలవకపోతే ఎదురింట్లో పప్పు పోపు వాసనొస్తోందేంటి?"

వీరరాఘవయ్య తమ్ముడి వైపు తిరిగాడు. "వచ్చారు కదా అని," అన్నాడు పున్నారావు. ఆయన ఆ మాటే కిందికి అందించాడు.

"అయితే ఆకులెయ్యండి," అంది అంకమ్మ.

పన్నెండున్నరకి ఫ్రాన్సిస్ వంట దించాడు. ముత్తయ్య దూడతో ఇంకా రాలేదు. పైవాళ్ళ అన్నం బకెట్లు ఆవు వీపు మీదుగా చేతులు మారాయి. పప్పు, దోసకాయ కూర, గోంగూర పచ్చడి క్షేమంగా పైకి చేరాయి. అప్పడాల గంప దగ్గర మాత్రం ఆవు మెడ తిప్పింది. కంప్యూటరు చుట్టూ ఆకులు వేసుకుని పదిమంది తిన్నారు. చిలక మళ్ళీ రాజకుమారి అయ్యేదాకా సినిమా ఆడుతూనే ఉంది. తెర మూల చిన్న డబ్బాలో డిస్కు పని పూర్తయిందని వచ్చిన మాటని పున్నారావు చూడలేదు, కావేరికి మజ్జిగ పోస్తున్నాడు.

మూడింటికి దూడ వచ్చి కింద అంబా అంది. ఇంతమంది చేత కాని పని ఆ ఒక్క అరుపుతో అయింది. ఆవు వెనక్కి వెనక్కి నడిచి దిగిపోయింది. పున్నారావు దాని వెనకే గబగబా దిగి అంకమ్మ కుర్చీ పక్కన కూర్చున్నాడు.

"నూరుమందికి వండించావంటగా. ఎవరు తిన్నారు?"

"కాలవగట్టు వాళ్ళు వదినా."

"నువ్వు?"

పున్నారావు ఆమె చేతికర్రని తిన్నగా గోడకి ఆనించాడు. అంకమ్మ అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. బయల్దేరేముందు కావేరి చేత కుంకుమ తెప్పించి, కుర్చీలోంచే చెయ్యి చాచి అతని నుదుట పెద్ద బొట్టు పెట్టింది. "వచ్చే నెల కావేరికి సీమంతం. నువ్వు వారం ముందే రావాలి. నోటితో చెబుతున్నా, విన్నావా?"

"వస్తా వదినా."

ఐదింటికి అందరూ వ్యానెక్కారు. ప్రమీలారాణిని స్టేషన్లో దింపుతామన్నారు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఇకనుంచి స్క్రోలింగులూ అవీ పెట్టమాక. మర్యాదా గిర్యాదా చూడకుండా శుభ్రంగా ఒక ఫోను చెయ్యి. మా నెంబర్లున్నాయా నీ దగ్గర?"

కావేరిది తప్ప లేవన్నాడు. ఆమె చెబుతుంటే గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటే ఫోనులో ఎక్కించుకున్నాడు. బాపట్ల నెంబరు, రేపల్లె నెంబర్లు మూడు. అంకెలు తప్పు పోకుండా రెండేసిసార్లు చదివి వినిపించాడు. వ్యాను సందు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

పున్నారావు ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైంది టెలిఫోను శాఖలో.